రాయమన్నది రాయి, మాత్ర మానకు

ప్రశ్న: ఆంటీ, నా వయసు 27. చిన్నప్పుడే అమ్మానాన్నలతో విజయవాడ నుంచి అమెరికా వచ్చేశాను. ఇప్పుడు ఇక్కడి సిటిజన్‌ని. వర్జీనియాలో రక్షణ శాఖ పనులు చేసే ఒక కాంట్రాక్టు కంపెనీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చింది. సీక్రెట్ క్లియరెన్స్, అంటే రహస్య సమాచారం చూడడానికి ప్రభుత్వం ఇచ్చే అనుమతి, వస్తేనే ఆ పని. ఎస్ఎఫ్-86 అనే ఫారం నింపమన్నారు. అందులో 21వ సెక్షన్ మానసిక ఆరోగ్యం గురించి. అక్కడే ఆగిపోయాను.

19 ఏళ్లప్పుడు, కాలేజీలో ఉండగా నాకు డిప్రెషన్ వచ్చింది. ఆ వేసవిలో విజయవాడ అమ్మమ్మ వాళ్లింటికి వెళ్లినప్పుడు, బతకాలని లేదని అమ్మతో అన్నాను. అమ్మ భయపడి అక్కడే హాస్పిటల్లో చేర్పించింది. ఆరు రోజులు ఉన్నాను. బంధువులందరికీ టైఫాయిడ్ అని చెప్పారు. ఒక సెమిస్టర్ మానేసి అయిదు నెలలు అమ్మమ్మ దగ్గరే ఉన్నాను. తర్వాత బాగయ్యాను. డిగ్రీ పూర్తి చేశాను, నాలుగేళ్లుగా ఉద్యోగం చేస్తున్నాను. ఇప్పటికీ రోజుకో మాత్ర, నెలకోసారి థెరపిస్ట్.

'ఇండియాలో జరిగింది వాళ్లకెలా తెలుస్తుంది, రాయొద్దు' అంటోంది అమ్మ. నాన్న ఫ్రెండ్ ఒకాయన 2010లో క్లియరెన్స్ తెచ్చుకున్నారు. 'ఏడేళ్లు దాటిన హాస్పిటల్ సంగతి అక్కర్లేదు కానీ, ఇప్పుడు కౌన్సెలింగ్‌కి వెళ్తుంటే రాయాల్సిందే, రాస్తే ఇక రాదు' అన్నారు. మా కంపెనీ సెక్యూరిటీ ఆఫీసులో మనవాళ్లే ఒకరున్నారు. వాళ్ల ద్వారా ఊరంతా తెలుస్తుందని అమ్మ భయం. ఎవరైనా అడిగితే మందులు వాడట్లేదని నిజంగానే చెప్పొచ్చని పది రోజుల కిందట మాత్ర మానేశాను. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. ఏం రాయాలో చెప్పండి.
— పేరు వద్దు, వర్జీనియా

జవాబు:

తల్లీ, ఫారం ఎక్కడికీ పోదు. ముందు మాత్ర సంగతి.

రేపు పొద్దున ఆఫీసు తెరవగానే నీకు ఆ మందు రాసిన డాక్టర్‌కి ఫోన్ చెయ్యి. పది రోజుల కిందట నా అంతట నేనే ఆపేశాను, నిద్ర పట్టడం లేదు అని ఉన్నదున్నట్టు చెప్పు. మళ్లీ అదే డోసుతో మొదలుపెట్టాలా, తక్కువతో మొదలుపెట్టాలా అన్నది ఆ డాక్టరే చెప్పాలి. డిప్రెషన్ మందులు ఒక్కసారిగా ఆపేస్తే నిద్ర పట్టకపోవడం, తల తిరగడం, ఊరికే కళ్లనీళ్లు రావడం, తలలో కరెంటు కొట్టినట్టు ఝల్లుమనడం చాలామందికి జరుగుతుంది. అది నీ బలహీనత కాదు. కానీ మందు మానేశాక పాత జబ్బు మళ్లీ తిరగబెట్టే ప్రమాదమూ ఉంది. 19 ఏళ్లప్పుడు అమ్మతో అన్న ఆ మాట మళ్లీ మనసులోకి వస్తే తెల్లారేదాకా ఆగకు. అమెరికాలో ఇలాంటి సమయంలో ఆదుకునే హెల్ప్‌లైన్ 988కి ఫోన్ చెయ్యి, లేదా మెసేజ్ పెట్టు. అర్ధరాత్రయినా ఎత్తుతారు. ఇది చదువుతున్నవాళ్లలో ఇండియాలో ఎవరికైనా అలాంటి అవసరం ఉంటే టెలీ మానస్ అనే ప్రభుత్వ హెల్ప్‌లైన్ నంబరు 14416, తెలుగులోనూ మాట్లాడతారు.

ఈ విషయం ముందుగా ఎందుకు ఎత్తానంటే, నీ ఉత్తరం మొత్తంలో నీ క్లియరెన్స్‌కి నిజంగా చెరుపు చేయగలిగినవి రెండే కనబడ్డాయి నాకు. ఒకటి అమ్మ చెప్పినట్టు దాచడం. రెండోది నువ్వు చేసిన ఈ పని. క్లియరెన్స్ ఇవ్వాలా వద్దా అని తేల్చేవాళ్లు 2017 జూన్ నుంచి అమల్లో ఉన్న ఒక నియమావళిని చూస్తారు. అందులో ఎ నుంచి ఎమ్ వరకు 13 గైడ్‌లైన్లు ఉన్నాయి. గైడ్‌లైన్ ఐ మానసిక ఆరోగ్యానిది. కేవలం కౌన్సెలింగ్‌కి వెళ్లినంత మాత్రాన ఎవరి గురించీ చెడుగా అనుకోకూడదని అందులోనే స్పష్టంగా రాసి ఉంది. అదే గైడ్‌లైన్‌లో, డాక్టర్ రాసిన చికిత్సను పాటించకపోవడాన్ని మాత్రం అనుమానించాల్సిన విషయాల్లో చేర్చారు. చికిత్సకు లొంగే జబ్బు ఉండి, దానికి క్రమం తప్పకుండా మందు వాడుతున్నవాళ్లకు అది అనుకూలాంశమని కూడా రాశారు. అంటే రోజుకో మాత్ర, నెలకో థెరపీ నీ పక్షాన నిలబడే సాక్ష్యాలు. నువ్వేమో నీ సాక్షినే ఇంటికి పంపించేశావు. పది రోజులే అయింది కాబట్టి ఇప్పుడే సరిదిద్దుకోవచ్చు. డాక్టర్‌తో మాట్లాడి మళ్లీ దారిలో పడ్డావంటే, రేపు ఎవరైనా అడిగినా 'కంగారులో ఆపాను, తప్పని తెలిసి వెంటనే డాక్టర్‌ని అడిగి సరిచేసుకున్నాను' అని చెప్పగలవు. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

ఇక మీ నాన్నగారి స్నేహితుడి మాట. ఆయన అబద్ధం చెప్పలేదు, ఆయన నింపిన ఫారం వేరు. 2010లో ఆ సెక్షన్‌లో, గత ఏడేళ్లలో మానసిక సమస్య గురించి ఏ వైద్యుణ్ణయినా సంప్రదించావా అని అడిగేవాళ్లు. అవునంటే డాక్టర్ పేరు, అడ్రసు, తేదీలు అన్నీ రాయాలి. భార్యాభర్తల గొడవల గురించో, దగ్గరివాళ్లు పోయిన దుఃఖంలోనో, యుద్ధానికి వెళ్లొచ్చినవాళ్లు ఆ యుద్ధం వల్లో తీసుకున్న కౌన్సెలింగ్‌కి మాత్రం మినహాయింపు. యుద్ధం సంగతి కూడా 2008లోనే చేర్చారు. అప్పటి రక్షణ మంత్రి రాబర్ట్ గేట్స్ ఆ సంవత్సరం మే 1న టెక్సస్‌లోని ఫోర్ట్ బ్లిస్‌లో దాన్ని ప్రకటించారు. ఇరాక్, అఫ్గానిస్తాన్‌ల నుంచి వచ్చిన సైనికులు రాత్రిళ్లు నిద్రపోలేక నరకం పడుతూ కూడా, ఆ ఒక్క ప్రశ్నకు భయపడి డాక్టర్ దగ్గరికి వెళ్లడం మానుకుంటున్నారని అప్పటికి అందరికీ అర్థమైంది. 2013లో లైంగిక దాడికి గురైనవాళ్లకు మినహాయింపు ఇచ్చారు. ఒక్కో గుంపుకి ఒక్కో తలుపు తెరుస్తూ పోతే లాభం లేదని, 2016 నవంబరులో జేమ్స్ క్లాపర్ నేషనల్ ఇంటెలిజెన్స్ డైరెక్టర్‌గా ఉండగా ఆ ప్రశ్ననే తీసేసి సెక్షన్ మొత్తం తిరగరాశారు. అది మరుసటి ఏడాది ఫారంలోకి వచ్చింది.

కాబట్టి పెద్దాయన చెప్పిన రెండు మాటలూ ఇప్పుడు తలకిందులయ్యాయి. కౌన్సెలింగ్‌కి వెళ్తున్నావా అని ఎవరూ అడగడం లేదు. హాస్పిటల్లో చేరిన విషయానికి మాత్రం ఏడేళ్ల గడువు పోయింది. 'ఎప్పుడైనా' అని అడుగుతున్నారు.

ఫారం దగ్గర పెట్టుకుని ఒక్కో ప్రశ్నా చూడు. కోర్టో ప్రభుత్వ సంస్థో నిన్ను మతిస్థిమితం లేని మనిషిగా ప్రకటించిందా? లేదు. మానసిక వైద్యుణ్ణి కలవమని కోర్టు ఎప్పుడైనా ఆదేశించిందా? లేదు. మానసిక సమస్యతో ఎప్పుడైనా హాస్పిటల్లో చేరావా? అవును. ఆ తర్వాతి ప్రశ్నలో కొన్ని జబ్బుల పేర్లు ఉంటాయి: సైకోటిక్ డిజార్డర్, స్కిజోఫ్రీనియా, స్కిజోఅఫెక్టివ్ డిజార్డర్, డెల్యూజనల్ డిజార్డర్, బైపోలార్, బార్డర్‌లైన్ పర్సనాలిటీ, యాంటీసోషల్ పర్సనాలిటీ. వీటిలో ఏదైనా ఉందని డాక్టర్ చెప్పాడా అని అడుగుతారు. డిప్రెషన్ ఆ జాబితాలో లేదు. యాంగ్జైటీ లేదు. నీకు రాసింది డిప్రెషనే అయితే జవాబు 'లేదు'.

చివరి ప్రశ్న దగ్గరే ఎక్కువమంది తడబడతారు. నీ వివేచనను, నీ మీద ఆధారపడగలిగే గుణాన్ని, నీ నమ్మకస్తత్వాన్ని గట్టిగా దెబ్బతీసే జబ్బేదైనా ఉందా అని దాని సారాంశం. ఇప్పుడు లక్షణాలు లేకపోయినా చెప్పమంటారు. నిజాయితీపరులు, ముఖ్యంగా డిప్రెషన్ చూసినవాళ్లు, ఇక్కడ తమను తాము దోషుల్లా నిలబెట్టుకుంటారు. 'నాకు జబ్బుంది కదా, అవుననే రాయాలేమో' అనుకుంటారు. కానీ ప్రశ్న కిందే ఒక వివరణ ఉంటుంది, అది తప్పకుండా చదువు. చికిత్స అవసరమైన జబ్బు ఉన్నా సరే, అది నీ వివేచనను, నమ్మకాన్ని దెబ్బతీయకపోతే 'లేదు' అనే రాయమని వాళ్లే చెబుతున్నారు. నాలుగేళ్లుగా ఉద్యోగం చేస్తున్నావు, డిగ్రీ పూర్తి చేశావు, నీ పనులు నువ్వు చూసుకుంటున్నావు. నీ ఉత్తరంలో 'అవును' అనిపించేది నాకేమీ కనబడలేదు. అయినా నీ థెరపిస్ట్‌ని ఒక్క మాట అడుగు: ఈ ప్రశ్నకు నేను లేదని రాస్తే మీరు ఒప్పుకుంటారా అని. నిన్ను నెలనెలా చూస్తున్న మనిషి చెప్పే మాట నీ భయం కంటే, నా అంచనా కంటే నమ్మదగింది.

మొత్తం సెక్షన్‌లో నువ్వు 'అవును' అనాల్సింది ఒక్కచోటే. కాలేజీ కౌన్సెలర్ దగ్గరికి వెళ్లిన సంగతి, ఇప్పటి థెరపీ, మాత్ర పేరు, పిన్ని కూతురికి కూడా ఇలాంటిదే ఉందన్న సంగతి, ఏవీ అడగలేదు, ఏవీ రాయకు. అడిగినదానికి పూర్తిగా చెప్పు, అడగనిది తెచ్చి ముందు పెట్టకు. ఈ ఫారం స్థానంలో తేబోయే కొత్త ప్రశ్నావళికి 2023 నవంబరులో ఆమోదం వచ్చింది. అందుకని నీ కంప్యూటర్ మీద ఏ ప్రశ్న కనిపిస్తుందో దాని మాటల్ని చదివి దానికే జవాబివ్వు. పాత ఫారం నింపిన పెద్దాయన మాటకైనా, ఈ ఉత్తరంలో నేను చెప్పినదానికైనా ఆ తెర మీద ఉన్న వాక్యమే పెద్ద.

ఇప్పుడు అమ్మ అడిగిన ప్రశ్న. ఇండియాలో జరిగింది వాళ్లకెలా తెలుస్తుంది?

ఆ ప్రశ్నలో దేశం పేరు లేదమ్మా. హాస్పిటల్ విజయవాడలో ఉన్నా వర్జీనియాలో ఉన్నా అది హాస్పిటలే. తెలిసే దారుల సంగతి కూడా చెబుతాను, ఎందుకంటే నేను తొమ్మిదేళ్లు ఇలాంటి ఒక కంపెనీ సెక్యూరిటీ ఆఫీసులో పనిచేశాను. ఈ ఫారం చాలా పెద్దది, దాని సెక్షన్లు ఒకదాన్నొకటి చూసుకుంటూ ఉంటాయి. పదేళ్లలో నువ్వు ఎక్కడెక్కడ ఉన్నావో రాయమంటారు. 90 రోజులు దాటిన మకాం వదిలేయడానికి వీల్లేదు, నువ్వు అమ్మమ్మ దగ్గర అయిదు నెలలు ఉన్నావు. చదువు వివరాల్లో ఆ సెమిస్టర్ ఖాళీ కనబడుతుంది. నీ గురించి బాగా తెలిసినవాళ్ల పేర్లు ఇవ్వమంటారు. నువ్వు కాలేజీ రూమ్మేట్ పేరు ఇస్తావు. క్లియరెన్స్ కోసం విచారణ చేసే ఇన్వెస్టిగేటర్ ఆ అమ్మాయి ఇంటికి వెళ్లి కూర్చుని, మధ్యలో ఒక సెమిస్టర్ లేదేం అని మామూలుగానే అడగవచ్చు. ఆ అమ్మాయి ఏం చెబుతుంది? పాపం, నీ మీద ప్రేమతోనే, 'అప్పుడు తనకు చాలా కష్టంగా ఉండేది, ఇండియాలో హాస్పిటల్లో ఉంది, ఇప్పుడు ఎంత బాగుందో' అంటుంది. ఆ తర్వాత ఇన్వెస్టిగేటర్ నీ ముందు కూర్చుని అదే అడిగితే, టైఫాయిడ్ అంటావా?

మా ఆఫీసులో ఒక కుర్రాడి విషయంలో అచ్చం ఇలాగే అయింది. మనవాడు కాదు. పదిహేడేళ్లప్పుడు వారం రోజులు వార్డులో ఉన్నాడు. చిన్నప్పటి సంగతి కదా అని 'లేదు' పెట్టాడు. అతని దగ్గరివాళ్లలో ఒకరు మాటల్లో అనేశారు. ఆ వారం రోజుల గురించి ఎవరికీ పెద్దగా పట్టింపు లేదు. అందరూ అడిగింది ఒక్కటే: ఇది రాయలేదేం? అప్పటినుంచి కేసు గైడ్‌లైన్ ఐ నుంచి గైడ్‌లైన్ ఈ లోకి మారిపోయింది. అది నడవడికకు, నిజాయితీకి సంబంధించింది. కావాలని దాచావన్న మాట ఒకసారి పడితే దాన్ని కడుక్కోవడం చాలా కష్టం. జబ్బు తగ్గిందని డాక్టర్ కాగితం ఇవ్వగలడు, నిజాయితీ తిరిగొచ్చిందని కాగితం ఎవరిస్తారు? తెలిసి తెలిసి అబద్ధం రాయడం ఫెడరల్ చట్టం కింద నేరం కూడా, అయిదేళ్ల వరకు శిక్ష పడవచ్చు. ఆ కుర్రాడు జైలుకేమీ వెళ్లలేదు, కానీ ఆ ఉద్యోగం దక్కలేదు. వెళ్లేరోజు నా టేబుల్ దగ్గర నిలబడి 'నేను రాసుంటే ఏమయ్యేది?' అని అడిగాడు. బహుశా ఏమీ అయ్యేది కాదని చెప్పలేక ఊరుకున్నాను. నీకు ఇంత పెద్ద ఉత్తరం రాయడానికి అతనొక కారణం.

ఇలా ఇప్పటికే 'లేదు' రాసి పంపేసినవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, ఇంకా సమయం ఉంది. ఎవరో పట్టుకుని అడగకముందే, మీ అంతట మీరు వెంటనే సరిదిద్దుకుంటే దాన్ని లెక్కలోకి తీసుకోవాలని అదే గైడ్‌లైన్ చెబుతోంది.

'అవును' అన్న తర్వాత ఏమవుతుందో తెలియకనే నీకింత టెన్షన్. ఎప్పుడు చేరావు, ఎక్కడ, నీ ఇష్టంతోనా కాదా, ఎందుకు అని వివరాలు అడుగుతారు. నీ ఆరోగ్యం గురించి డాక్టర్‌ని అడగడానికి అనుమతినిచ్చే ఒక కాగితం మీద సంతకం పెట్టాలి. దాంతో నీ థెరపీ నోట్సన్నీ తీసుకెళ్లి చదువుతారని భయపడకు. ఆ కాగితం మీదే డాక్టర్‌ని అడిగే ప్రశ్నలు అచ్చువేసి ఉంటాయి: రహస్య సమాచారాన్ని కాపాడే విషయంలో ఈమె వివేచనను, నమ్మకాన్ని దెబ్బతీయగల జబ్బు ఉందా, ఉంటే ఏమిటి, ఎంతకాలం, ముందుముందు ఎలా ఉండవచ్చు, చికిత్స తేదీలు. మొదటిదానికి డాక్టర్ 'లేదు' అంటే చాలావరకు అక్కడితో ఆగుతుంది. ఆ తర్వాత ఇన్వెస్టిగేటర్ నీతో ముఖాముఖి మాట్లాడవచ్చు. ఇప్పుడు మందు వాడుతున్నావా అని అక్కడ అడిగితే నిజం చెప్పు. నేరస్తురాలిని ప్రశ్నించినట్టు ఉండదు. నాకు తెలిసిన ఇన్వెస్టిగేటర్లలో చాలామంది మాజీ సైనికులు. వాళ్లకు ఇలాంటి కథలు కొత్త కాదు, కొందరికి సొంత కథలే.

హాస్పిటల్లో చేరడం ఆ గైడ్‌లైన్‌లో ఆలోచించాల్సిన విషయాల్లో ఒకటిగా ఉన్న మాట నిజమే, అది నీ దగ్గర దాచను. దానివల్ల కొంత ఆలస్యం కావచ్చు. ఫైనల్ క్లియరెన్స్ కంటే ముందు తాత్కాలికంగా ఇచ్చేది రాకపోవచ్చు, అప్పుడు కంపెనీ కొన్నాళ్లు ఆగాల్సి వస్తుంది. ఆ ఆలస్యం మనసును తినేస్తుంది, నాకు తెలుసు. కానీ దాని పక్కనే బరువు తగ్గించే అంశాలు ఉన్నాయి: ఆ పరిస్థితి తాత్కాలికం అయివుండడం, అది గడిచిపోవడం, చికిత్స ఇష్టంగా తీసుకోవడం, డాక్టర్ మంచి అభిప్రాయం చెప్పడం, ఇప్పుడు ఏ సమస్యా లేకపోవడం. దాదాపు అన్నీ నీకు వర్తిస్తాయి. ఈ పరిశోధనలు చేసే డీసీఎస్ఏ అనే రక్షణ శాఖ సంస్థ 2012 నుంచి 2020 వరకు లెక్కలు బయటపెట్టింది. సుమారు 54 లక్షల నిర్ణయాల్లో, కేవలం మానసిక ఆరోగ్య కారణంతోనే క్లియరెన్స్ నిరాకరించినవీ, వెనక్కి తీసుకున్నవీ కలిపి 62. లక్షల్లో కాదు, వేలల్లో కాదు, 62. నిద్ర పట్టని రాత్రి ఆ అంకెను గుర్తు తెచ్చుకో.

కాగితాలు సిద్ధం చేసుకోవడంలో మాత్రం నీకు మిగతావాళ్ల కంటే పని ఎక్కువ. ఇక్కడి హాస్పిటల్‌కైతే ఇన్వెస్టిగేటర్ రాస్తాడు, తెప్పించుకుంటాడు. విజయవాడ నుంచి ఆ కాగితాలు నువ్వు తెచ్చుకుంటేనే తొందరగా పని జరుగుతుంది. అన్నిటికంటే ముఖ్యం డిశ్చార్జి సమ్మరీ. మన హాస్పిటళ్లు పాత రికార్డులను చాలా ఏళ్లు దాచాలన్న నిర్బంధం లేదు. ఇన్‌పేషెంట్ల రికార్డులు మూడేళ్లు ఉంచితే చాలన్నది డాక్టర్ల నిబంధనల్లో ఉన్న కనీస గడువు. నీది ఎనిమిదేళ్ల కిందటి సంగతి. అందుకని ముందు ఇంట్లో వెతికించు. మన ఇళ్లలో ఆ ఫైళ్లు ఎక్కడికీ పోవు, బీరువాలో ఇంటి దస్తావేజులు, ఎల్ఐసీ బాండ్ల కిందో, అటకమీద సూట్‌కేసులోనో ఉంటాయి. దొరక్కపోతే హాస్పిటల్‌ని అడుగు. మానసిక వైద్యం తీసుకున్న మనిషికి తన రికార్డులు తాను పొందే హక్కు ఉందని 2017 నాటి మెంటల్ హెల్త్‌కేర్ చట్టం 25వ సెక్షన్ చెబుతోంది. ఇవ్వం అంటే మర్యాదగా ఆ సెక్షన్ పేరు చెబుతూ ఉత్తరం రాయి. ఏమీ దొరక్కపోయినా కంగారు లేదు, ఆ మాటే రాయొచ్చు. హాస్పిటల్ పేరు, ఊరు, గుర్తున్నంతవరకు తేదీలు రాసి, రికార్డు కోసం ప్రయత్నించాను, లేదన్నారు అని చెప్పు.

ఆ సమ్మరీ దొరికితే రెండు విషయాలు జాగ్రత్తగా చూడు. చేరేటప్పుడు సంతకం ఎవరు పెట్టారు? నీకప్పటికి 19 ఏళ్లు, మేజర్‌వి. నువ్వే పెట్టి ఉంటే నీ ఇష్టంతో చేరినట్టు. అమ్మ తీసుకెళ్లింది కాబట్టి బలవంతం అనుకోవద్దు. అమ్మ మాత్రమే పెట్టి ఉంటే అదే రాసి, పరిస్థితి వివరించు. రెండోది, జబ్బు పేరు దగ్గర ఏం రాశారు? డిప్రెషన్ అని ఉంటే పై లెక్కే. ఆ జాబితాలోని పేర్లలో ఏదైనా, సైకోసిస్ లాంటి మాట ఏదైనా కనబడితే మాత్రం నీ అంతట నువ్వు 'లేదు' అని తేల్చేయకు. ఇప్పటి సైకియాట్రిస్ట్‌కి ఆ కాగితం చూపించి అభిప్రాయం రాయించుకో. క్లియరెన్స్ కేసులే చూసే లాయర్లు ఉంటారు, వాళ్లతో ఒక గంట మాట్లాడు. అలాంటి సందర్భంలో ఆ ఖర్చు దండగ కాదు.

ఇప్పటి డాక్టర్ దగ్గర కూడా ఒక చిన్న లెటర్ తీసుకుని పెట్టుకో: ఎప్పటినుంచి చూస్తున్నారు, చికిత్స సరిగ్గా పాటిస్తున్నావా, ముందుముందు ఎలా ఉంటావని ఆయన అనుకుంటున్నారు. ఫారంతో పంపాల్సిన పని లేదు. అడిగినప్పుడు చేతిలో ఉంటుంది.

వివరణ గళ్లలో కథంతా రాయకు. ఇలా రాస్తే చాలు: '19 ఏళ్ల వయసులో కాలేజీలో ఉండగా డిప్రెషన్‌కి గురయ్యాను. కుటుంబం సాయంతో ఇండియాలోని విజయవాడలో ఫలానా హాస్పిటల్లో ఆరు రోజులు ఉండి చికిత్స తీసుకున్నాను. ఒక సెమిస్టర్ విశ్రాంతి తీసుకుని చదువు పూర్తి చేశాను. ఆ తర్వాత మళ్లీ హాస్పిటల్లో చేరాల్సిన అవసరం రాలేదు.' ఇందులో క్షమాపణ లేదు చూడు, ఉండకూడదు కూడా. దీన్ని ఇంగ్లీషులో నీ మాటల్లో రాసుకో. నువ్వు రాసిన ప్రతి ముక్కా నిజమై ఉండాలి, అంతే.

ఒక పక్కమాట. మనవాళ్ల ఫారాల్లో నేను చూసినంతలో ఎక్కువ సమయం తినేది 21వ సెక్షన్ కాదు, దాని ముందున్న మూడు సెక్షన్లు. ఇండియాలో ఉన్న బంధువులు, దగ్గరి పరిచయాలు, అక్కడి ఆస్తులు, ప్రయాణాలు అన్నీ అక్కడ రాయాలి. అమ్మమ్మ పేరు బంధువుల జాబితాలో అడగరు. కానీ ఆవిడ భారత పౌరురాలు, నువ్వు తరచూ మాట్లాడుతుంటావు, ప్రేమ ఉంది. కాబట్టి విదేశీ పరిచయాల సెక్షన్‌లో ఆవిడ పేరు రాయాలి. మీ నాన్న నీ పేరున స్థలమేదైనా కొని ఉంటే అదీ కనుక్కో.

సెక్యూరిటీ ఆఫీసులో ఉన్న మనవాళ్ల మనిషి గురించి అమ్మ భయపడుతోంది కదా. నేనూ ఆ కుర్చీలో కూర్చున్నదాన్నే. కంపెనీ సెక్యూరిటీ ఆఫీసర్‌కి నీ ఫారం కనబడే అవకాశం ఉంది, ఆ మాట నిజం. గళ్లన్నీ నిండాయా లేదా అని సరిచూడడం వరకే వాళ్ల పని. ఇంకే అవసరానికీ ఆ సమాచారం కంపెనీలో వాడకూడదని నిబంధన ఉంది. మీ మేనేజర్‌కి, హెచ్ఆర్‌కి చెప్పడానికి వీల్లేదు. ఊళ్లో చెబితే వాళ్ల ఉద్యోగమే పోవచ్చు. అయినా మనసు ఒప్పకపోతే, నా ఫారం ఆ ఒక్కరు కాకుండా వేరేవాళ్లు చూడగలరా అని ముందే అడుగు. మా దగ్గర అలా అడిగినవాళ్లున్నారు, కారణం అడక్కుండానే ఇంకొకరికి ఇచ్చేవాళ్లం.

అన్నీ చేసినా అభ్యంతరం వచ్చిందే అనుకుందాం. అప్పుడు కూడా తలుపు ఒక్కసారిగా మూసేయరు. ఏ కారణాలతో అనుమానం ఉందో రాతపూర్వకంగా పంపుతారు. కాంట్రాక్టు ఉద్యోగులకు జవాబివ్వడానికి 20 రోజులుంటాయి. జడ్జి ముందు హాజరై చెప్పుకోనిమ్మని అడగవచ్చు. ఆ దశ వస్తే మాత్రం లాయర్ లేకుండా వెళ్లకు. నువ్వు అంతదాకా వెళ్తావని నేను అనుకోవడం లేదు.

అమ్మ గురించి చివరగా ఒక్క మాట. ఆవిడ మీద కోపం తెచ్చుకోకు. టైఫాయిడ్ అని చెప్పడం ఆ రోజుల్లో ఆవిడకు తెలిసిన ఒకే ఒక్క గొడుగు. నిన్ను తడవకుండా చూడాలనుకుంది. 'బతకాలని లేదు' అని కూతురు అన్నప్పుడు, పిచ్చిమాటలు మాట్లాడకు అని నోరు మూయించిన తల్లుల్ని ఎంతమందినో చూశాను. మీ అమ్మ అలా చెయ్యలేదు. అదే రోజు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లింది. ఈ ఎనిమిదేళ్లలో ఆవిడకు ఆ మాట ఎవరైనా చెప్పారో లేదో. నువ్వు చెప్పు. చెప్పాక, అమ్మమ్మకి ఫోన్ చేయించు. ఆ ఫైలు బీరువాలో ఏ అరలో ఉందో ఆ ఇద్దరికే తెలిసుంటుంది.